బదీర్ గాడిలో పట్టని చెక్కలు

ఉస్తాలారా, అన్నలారా, తమ్ముళ్లారా, తెర అవతల కూర్చున్న అమ్మలారా,

ఇవాళ మన సందులో ఒక్క రంపం కూడా తిరగడం లేదు. అసర్ నమాజు అయింది, ఎండ ఇంకా గోడల మీదే ఉంది, అయినా చప్పుడు లేదు. పండగపూట తప్ప ఈ సందు ఇంత మౌనంగా ఉండగా నేను చూడలేదు. మన వడ్రంగి ఉస్తా బదీర్ పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. పని మానుకుని వచ్చారు. ఖురాన్ విన్నారు. చేదు కాఫీ తాగారు. నది అవతల నుంచి చేపలవాళ్లూ జున్నువాళ్లూ కూడా పడవ దాటి వచ్చారు. మంచిది. ఇందులో సగం మంది ఆయన బతికుండగా ఆ గడప తొక్కి ఉంటే, బదీర్ టీ గ్లాసులు కొనుక్కోవలసి వచ్చేది. ఆయన దగ్గర ఉన్నది ఒకటే గ్లాసు.

మాట్లాడతానని నేను అడగలేదు. వయసులో పెద్దవాణ్నని సంఘం వాళ్లు నిలబెట్టారు. కాగితం కూడా రాసిచ్చారు. నాకు చదువు అంతంత మాత్రం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. బదీర్ ఈ సందులో అందరికీ తలలో నాలుకలా మెలిగాడని అందులో రాసి ఉంది. ఎవరి తల? ఎవరి నాలుక? బదీర్ ఈ సందులో ఎవరికీ ఏమీ కాడు. అబద్ధం చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టాను.

డేరా గుమ్మం దగ్గర గోనెసంచులు చూసి లోపలికి వచ్చే ప్రతివాడూ అడిగాడు, ‘ఏంటి మిత్వల్లీ, సంతాపానికి కూడా రంపపు పొట్టు మోసుకొచ్చావా?’ అని. పొట్టు కాదు. బదీర్ దుకాణం గోడకి వేలాడిన ఆసరా చెక్కలన్నీ ఆ సంచుల్లో ఉన్నాయి.

చేపలవాళ్ల కోసం చెబుతున్నాను. రంపం బల్ల మీద నున్నటి గాడి ఒకటి ఉంటుంది. చెక్క ముక్కలతో మనమే చేసుకున్న చిన్న బండి లాంటిది ఆ గాడిలో జారుతుంది. కోయాల్సిన కర్రని దాని మీద పెట్టి తోస్తే వంకర పోదు, వేలు రంపం పళ్ల దాకా పోదు. ఇంకా రకరకాలు ఉంటాయి. తోపుడు కర్ర ఉంటుంది, దువ్వెన పళ్లలా కోసి పలకని పక్కకి జరగనివ్వని చెక్క ఉంటుంది. అన్నీ పనికిరాని ముక్కలతో చేసేవే. అన్నిటికీ కలిపి ఆసరా చెక్కలంటాం.

మన ఆచారం మీకు తెలుసు. ఉస్తా పోతే నలభయ్యో నాటికి దుకాణం ఖాళీ చేస్తాం. ఉలులు, చిత్రికలు, బిగింపులు పనివాళ్లు పంచుకుంటారు. ఆసరా చెక్కలు రొట్టెల పొయ్యిలోకి పోతాయి. ఎందుకంటే మన రంపం బల్లలన్నీ ఈ ఊళ్లో పోతపోసిన ఇనప బల్లలే, ఏ రెండిటి గాడీ ఒక్కలా ఉండదు. ఒకడి చెక్క ఇంకొకడికి పనికిరాదు. కాబట్టి కాల్చేస్తాం. ఆచారం తప్పని నేననను. అదుగో, రొట్టెల ఉమ్ హాషిం బండి పట్టుకుని నిలబడి ఉంది. చివర మనం పాటించే మౌనం అయిపోగానే ఆ సంచులు తీసుకుపోతానంటోంది. పోనివ్వాలా, ఆపాలా? అది మీరు తేల్చాలి. అందుకే నోరు విప్పాను. లేకపోతే నాకు ఉపన్యాసాలతో పనేమిటి?

బదీర్‌కి పెళ్లి కాలేదు. ఆయనకి ఉన్నదల్లా అన్న షహాతా. రంపం బల్లకి ఇద్దరు కావాలి కదా. ముందు మనిషి పలకని తోస్తాడు, వెనక మనిషి అందుకుంటాడు. వెనక మనిషి లేకపోతే పలక చివర కిందికి వాలుతుంది, పళ్లకి అడ్డం తిరుగుతుంది, ఎదురొచ్చి పొట్టలో తంతుంది. ఆ దుకాణంలో బదీర్ ముందు, షహాతా వెనక. జీవితమంతా వాళ్లిద్దరి మధ్యా తిరిగే రంపమే. ఆ చప్పుడులో ఏం మాట్లాడుకుంటారు? ఒకరు తోశారు, ఒకరు అందుకున్నారు. అదే వాళ్ల మాట.

షహాతా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సంతాపం రోజులు గడిచాక బదీర్ దుకాణం తెరిచాడు. ఈ సందులో మనం కళ్లు మూసుకుని కూడా ఎవరి రంపం ఏదో చెప్పగలం. ఆయన రంపం మొదలైంది. పలకలోకి దిగింది. సగంలో ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. నా రంపం మాత్రం తిరుగుతూనే ఉంది. వెళ్లి చూశాను. సగం తెగిన ఎర్రటి జాన్ కర్ర పలకని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుకి తొయ్యలేడు, వెనక్కి లాగలేడు. బల్ల అవతల ఎవరూ లేరు. నేను వెనక్కి వెళ్లి పలక చివర పట్టుకున్నాను. ‘వదిలెయ్. నీ పని నీకుంది, పో’ అన్నాడు. పోయాను. రెండోసారి చెప్పించుకునే రకం కాదు నేను.

ఆ తర్వాత వెనక మనిషి చోటుకి ఒక ఆసరా చేశాడు. రెండు నిలువు కర్రలు, వాటి మధ్య అడ్డంగా దొర్లేట్టు విరిగిన కుర్చీ కాలు. పలక చివర వెళ్లి దాని మీదికి ఎక్కుతుంది, కాలు దొర్లుతుంది, పలక వాలదు. అంతే. దానికి ‘అన్న’ అని పేరు పెట్టాడు.

ఉస్తా షర్నూబీ, నువ్వే కదా గుమ్మంలో నిలబడి అరిచావు, ‘ఒరే బదీర్, మీ అన్నకి టీ చెప్పావా, పస్తుంచావా?’ అని. బదీర్ తలెత్తకుండా ఏమన్నాడు? ‘చెప్పాను. చక్కెర వద్దన్నాడు. నీలాగా ఊరికే వచ్చి గ్లాసు ఖాళీ చెయ్యడు మా అన్న’ అన్నాడు. సందంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ సాయంత్రం దుకాణం మూసేటప్పుడు ఆ కర్రల మీద పడ్డ పొట్టుని బదీర్ తన భుజం మీది గుడ్డతో తుడిచేవాడు. మనిషి భుజం దులిపినట్టు దులిపేవాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికి మనం ఇళ్లకి పోయేవాళ్లం.

ఇంకో సంగతి. ఈ డేరాలో రంపం పనివాళ్ల చేతుల వైపు చూడండి. జేబులో పెట్టుకోకు షర్నూబీ, అందరికీ తెలిసిందే. మన దుమ్యాత్ ఊరి చెయ్యి అంటే ఎక్కడో ఒకచోట వేలు తక్కువే. మనకి అది సిగ్గు కాదు. నా కుడి చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఈ రెండిటితో గ్లాసు పట్టుకోగలను, కోపం వస్తే కాలరు కూడా పట్టుకోగలను. ఒట్టి చేత్తో తోసేవాడు మగాడు, ఆసరా చెక్క పట్టినవాడు పిరికివాడు. మన తండ్రులు అదే అన్నారు. మనమూ అదే అన్నాం.

బదీర్ వినలేదు. విరిగిన కుర్చీ వీపులు, టమాటా పెట్టెల బద్దలు, ప్లైవుడ్ అంచులు, మనం గుమ్మం బయట పారేసినవన్నీ ఏరుకునేవాడు. పక్షి ముక్కులా కోసి తోపుడు కర్ర చేసేవాడు. చెక్క అడుగు పట్టీకి కొవ్వొత్తి ముక్క రుద్ది గాడిలో జారించేవాడు. కర్రని ఆనించే దిమ్మకి కింది మూల కొంచెం చెక్కేసేవాడు. పొట్టు అక్కడ పేరుకుంటే కొలత తప్పుతుందట. అడిగితే చెప్పేవాడు. అడగకపోతే పెదవి కదిపేవాడు కాదు. ‘ఒట్టి చేత్తో తోస్తే నీకేం పోయిందిరా?’ అంటే, ‘రంపానికి ఆకలేస్తే ఈ ముక్కని తిననీ. నా వేలెందుకు దానికి?’ అనేవాడు.

పెళ్లికూతురు చేతులని పేరు పెట్టాం ఆయనకి. ‘గోరింట ఎప్పుడు పెట్టిస్తున్నారు బదీర్?’ అని కాఫీ దుకాణంలో అడిగేవాళ్లం. ఆయన చేతులు తిప్పి చూసుకుని, ‘మంచి సంబంధం రానీ’ అనేవాడు.

ఒక ఉదయం ఆయన రంపం మొదలవలేదు. మన రంపాలు మనకి తిరుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం ఆయన అన్న కూతురు ఇన్సాఫ్ అన్నం పట్టుకొచ్చి తలుపు తోస్తే, పరుపు మీద నిద్రలోనే పోయి ఉన్నాడు. స్నానం చేయించినవాళ్లలో నేనొకణ్ని. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని కడిగాను. ఒక్కొక్క వేలూ కడిగాను. పదీ ఉన్నాయి, ఉస్తాలారా! జీవితమంతా రంపం ముందు నిలబడ్డ మనిషి పది వేళ్లతో మట్టిలోకి పోయాడు. ఈ ఊళ్లో ఇంకెవరికైనా జరిగిందా? ఇంత జాగ్రత్తగా దాచుకున్న ఆ పది వేళ్లని పట్టుకోవడానికి ఇంట్లో ఇంకొక చెయ్యి లేదు. కడగడానికి వచ్చింది ఈ రెండు వేళ్ల చెయ్యి.

ఇప్పుడు మన సంగతి చెబుతాను. కోపం వస్తే రానివ్వండి.

మన సందులో వెనక మనుషులు ఏరి? ఒకడు టుక్‌టుక్ తోలుతున్నాడు. ఒకడు సముద్రం ఒడ్డు హోటల్లో పళ్లాలు కడుగుతున్నాడు. రెడీమేడ్ కుర్చీలు ఓడల్లో వచ్చి దిగుతున్నాయి, వాళ్లని నిలబెట్టుకునేంత పని మన దగ్గర లేదు. ముసలాళ్లం మిగిలాం. ఒక్కో దుకాణంలో ఒక్కో ముసలాడు, వాడి ముందు ఒక రంపం, వెనక గోడ. షర్నూబీ రంపం ఆగితే నాకు వినిపిస్తుంది. నా రంపం ఆగినప్పుడు జగ్లూల్‌కి వినిపించింది. ఎందుకు ఆగిందో వెళ్లి అడిగేవాడెవడు? మన సందులో ఎవడూ ఎవణ్నీ అడగడు. నా వెనక మనిషి వెళ్లిపోయాక ఎడమ చేత్తో ఒంటరిగా తోసి చూశాను. పలక నిలవలేదు. బల్ల మీద గుడ్డ కప్పేశాను. ఆ గుడ్డ మీద దుమ్ము పేరుకుంది. ఎవరైనా అడిగారా? అడిగితే కర్ర పుచ్చుకుని ఉండేవాణ్ని, అది వేరే సంగతి.

వచ్చినవాడు బదీర్ ఒక్కడే. చివరి ఏళ్లలో అన్ని దుకాణాలూ తిరిగేవాడు, గుర్తుందా? వచ్చి బల్ల పక్కన నిలబడేవాడు. బొటనవేలు గాడిలో పెట్టి అటూ ఇటూ రాసేవాడు. ఒక్కోసారి జేబులోంచి సన్నటి చెక్కపేడు తీసి గాడిలో నిలబెట్టి, మళ్లీ జేబులో వేసుకునేవాడు. టీ ఇస్తే తాగేవాడు. ఇవ్వకపోతే నిలబడేవాడు. నా దుకాణానికి వచ్చి నా గుడ్డ కూడా ఓ మూల ఎత్తి గాడి తడిమాడు. ‘ఏం కావాలి నీకు?’ అన్నాను. ‘ఏం లేదు, చూసి పోదామని’ అన్నాడు. షర్నూబీ అయితే కేకలే, ‘వచ్చాడయ్యా, గాడిలో వేలు పెట్టే పెద్దమనిషి! ఇల్లు లేదా నీకు?’ అని. దానికి బదీర్, ‘ఉంది. అక్కడ తిట్టేవాళ్లు కూడా లేరు’ అన్నాడు.

మనం ఏమనుకున్నాం? మనిషి కోసం మొహం వాచి తిరుగుతున్నాడు అనుకున్నాం. అది నిజమే. కానీ అంతే కాదు.

మొన్న ఇన్సాఫ్ దుకాణం తలుపు తీసింది. గోడ నిండా ఆసరా చెక్కలు. కింది వరసలో ఆయన వాడినవి, అరిగి నల్లబడ్డవి. పై వరసల్లో కొత్తవి, ఒక్కసారి కూడా రంపం సోకనివి. జగ్లూల్ పై వరసలోది ఒకటి తీసి బదీర్ బల్ల మీద పెట్టాడు. గాడిలో దిగలేదు. ఇంకోటి పెట్టాడు. లొడలొడలాడింది. ఇంకోటి పెడితే మధ్యలో పట్టేసింది. ‘పాపం, ముసలాయనకి చూపు పోయింది. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలీలేదు’ అన్నాడు. ఇన్సాఫ్ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ‘మిత్వల్లీ బాబాయ్, మా చిన్నాన్న ఇన్నాళ్లూ ఒక్కడే కూచుని పనికిరాని చెక్కలు చేసుకున్నాడా?’ అని నన్ను అడిగింది. సంచులు అందుకున్నాను. అందరం కలిసి నింపాం.

పొయ్యి దగ్గర దించేటప్పుడు ఒక సంచి మూతి ఊడింది. ఒక చెక్క వచ్చి నా పాదం మీద పడింది. తిట్టుకుంటూ తీశాను. తోసే పిడి ఎడమ పక్కన ఉంది. బదీర్‌ది కుడిచేతి వాటం. కుడిచేతి వాడు పిడి ఎడమన ఎందుకు పెడతాడు? తిప్పి చూశాను. కుడి పక్కన, చెయ్యి ఆనించే చోట, నున్నగా చెక్కిన రెండు గుంటలు ఉన్నాయి. ఒకటి బొటనవేలికి. దూరంగా ఇంకొకటి చిటికెనవేలికి. మధ్యలో ఏమీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. నా దుకాణానికి పట్టుకెళ్లాను. నా బల్ల మీద గుడ్డ తీశాను. చెక్కని గాడి మీద పెట్టాను. నొక్కకుండానే దిగింది. వేలితో తోశాను. చివరిదాకా జారింది. అటూ ఇటూ కదల్లేదు. కొవ్వొత్తి వాసన వచ్చింది.

బదీర్‌కి చూపు పోలేదు, ఉస్తాలారా. ఆ చెక్కలు ఆయన గాడిలో పట్టలేదంటే, అవి ఆయన గాడి కోసం చేసినవి కావు!

ఈ వయసులో నేను పరిగెత్తాను. వెళ్లి ఆ సంచుల మీద కూర్చున్నాను. ఉమ్ హాషిం గరిటె పట్టుకుని వచ్చింది. ‘లేవయ్యా ముసలాయనా! పొయ్యి చల్లారిపోతోంది, గుడ్లు పొదుగుతున్నావా నువ్వు?’ అంది. ‘పొదుగుతున్నా, నలభయ్యో రోజు దాకా పొదుగుతా’ అన్నాను. ‘రొట్టె పచ్చిగా ఉందని ఎవరైనా అంటే మిత్వల్లీ మొహాన కొట్టమంటా’ అంది. కొట్టమను. నా మొహం దేనికైనా తట్టుకుంటుంది.

జగ్లూల్, నీ గాడి అడుగున వెల్డింగ్ గడ్డ ఉంది. ఏ చెక్క పెట్టినా అక్కడ తగిలి ఆగుతుంది. ఆ సంచిలో ఒక చెక్కకి పట్టీ అడుగున పొడుగునా సన్నటి కాలువ తీసి ఉంది. మొన్న నువ్వే దాన్ని ‘ఇది చూడు, చెద తినేసింది’ అని విసిరేశావు. అది చెద కాదురా. నీ గడ్డ మీదుగా పోవడానికి తీసిన దారి. షర్నూబీ, నీ నడుము వంగడం లేదని నువ్వు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతావు, షర్నూబీవి కదా! ఆ సంచిలో ఒక తోపుడు కర్ర ఉంది. అంత పొడుగుది ఈ సందులో ఎవడూ వాడడు. నిటారుగా నిలబడి తోసుకోవచ్చు. మిగతావి ఎవరివో నాకు తెలియదు. చూసిన వెంటనే మీకే తెలుస్తుంది.

మరి బతికుండగా ఎందుకు ఇవ్వలేదు అంటారు. ఇస్తే తీసుకునేవాళ్లమా? పెళ్లికూతురు చేతులవాడు చేసిన ఆసరా పట్టుకుని ఈ సందులో తలెత్తుకుని తిరిగేవాళ్లమా? నేనైతే దాన్ని ఆయన నెత్తిన వేసి ఉండేవాణ్ని. ఆయనకి మనం తెలుసు. అందుకని గోడకి తగిలించి, తలుపు తీసి పెట్టుకుని, ఎవరైనా వచ్చి అడుగుతారని కూర్చున్నాడు. వెనక మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో ఈ సందులో అందరికంటే ముందు తెలిసినవాడు ఆయన. మన రంపాలు ఒకదాని తర్వాత ఒకటి సగంలో ఆగడం అక్కడ కూర్చుని విన్నాడు. ఆగిన ప్రతి రంపానికీ ఒక ఆసరా చేసి మేకుకి తగిలించాడు. మనం వెళ్లలేదు. ఎవడూ ఎవణ్నీ అడగని సందు ఇది.

కాబట్టి ఇవాళ నేను అడుగుతున్నాను. ఈ సందులో పుట్టి నేను ఒకరిని ఏదైనా అడగడం ఇదే మొదలు, సరిగ్గా వినండి. ఈ చెక్కల్ని కాల్చనివ్వకండి. మన మౌనం అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి సంచిలో చెయ్యి పెట్టండి. మీది ఏదో వెతుక్కోండి. వెళ్లి మీ గాడిలో పెట్టి చూడండి. ఎవరి గాడిలోనూ పట్టనిది ఒక్కటి మిగిలినా ఉమ్ హాషిం తీసుకుపోవచ్చు. ఇన్సాఫ్ అమ్మా, మొన్న నన్ను అడిగిన మాట దాచి ఉంచు. వాళ్లు తిరిగొచ్చాక వాళ్లనే అడుగు.

ఒక్కటి మాత్రం ఎవరూ తీసుకోకూడదు. ఇన్సాఫ్, దాన్ని ఇలా తీసుకురా. ఇక్కడ, నా పక్కన పెట్టు. మెల్లిగా. ఇదిగో ‘అన్న’, దీనికి గాడితో పని లేదు. రెండు కర్రలు, ఒక కుర్చీ కాలు. బదీర్ చివరి పలక తోసిన రోజున కూడా బల్ల అవతల ఉన్నది ఇదే. అది కాలిపోకూడదు. ఇంకొకరి దుకాణంలో పని చేయకూడదు. రేపు నా గుడ్డ తీసిన బల్ల పక్కన ఊరికే ఉంటుంది. దాని మీద పొట్టు పడితే నేను తుడుస్తాను.

ఇక గ్లాసులు కింద పెట్టండి. చేతులు జేబుల్లోంచి తీయండి, ఎన్ని వేళ్లుంటే అన్ని. ఆయన కోసం ఫాతిహా మనసులో చదువుకోండి, పెదవి కదపకండి. రంపాలు లేని ఈ సందుని కాసేపు వినండి. మన రంపం ఒక్కొక్కటీ ఆగిన ప్రతిసారీ బదీర్ విన్నది ఇదే.

‘అన్న’ ఎప్పటినుంచో నిలబడే ఉన్నాడు. ఇక మనం లేద్దాం.